తేమ అధికంగా గల ప్రాంతాలలో జింకు పూత ఇనుముకు తుప్పు: కారణాలు, నివారణ

పాలీహౌస్‌లు, షేడ్‌నెట్ గృహాలు, తీగజాతి కూరగాయల పందిళ్ళు, కోళ్ళ షెడ్లు, పశువుల పాకలు, గోదాముల కప్పులు, బోరు పైపులు - వీటన్నిటిలోను ప్రధాన భాగం జింకు పూత పూసిన ఇనుమే. దీనినే వాడుకలో జీఐ లేదా గాల్వనైజ్డ్ ఇనుము అంటారు. పాలీహౌస్‌పై కప్పిన పాలిథీన్ పొరను కొన్నేళ్ళకొకసారి మార్చుకోవచ్చు. నాటిన పంటను ప్రతి ఋతువులోనూ మార్చుకోవచ్చు. కానీ ఆ రెంటినీ మోసే ఇనుప చట్రం రైతు ఒక్కసారి పెట్టే పెట్టుబడి. బ్యాంకు ఋణం తీరకముందే స్తంభాల అడుగుభాగం తుప్పుపట్టి పలుచబడితే నష్టం పూత ఖరీదుతో ఆగదు. తుపాను గాలికి చట్రం మొత్తం కూలే ప్రమాదం ఉంటుంది.

"జీఐ కనుక తుప్పు పట్టదు" అన్న నమ్మకం రైతులలో బలంగా ఉంది. ఇది సగమే నిజం. జింకు పూత తుప్పును ఆపదు. ఇనుముకు బదులుగా తాను ఖర్చవుతూ వాయిదా వేస్తుంది. ఆ వాయిదా ఎన్నేళ్ళన్నది పూత మందం, గాలిలోని తేమ, ఉప్పు, పొలంలో వాడే ఎరువులు, మందులు, నిర్మాణపు తీరు, ఆపై చేసే సంరక్షణపై ఆధారపడి ఉంటుంది. ఈ అంశాలను కోస్తా ఆంధ్ర పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసంలో వివరించడమైనది.

జింకు పూత పనిచేసే విధానం

జింకు ఇనుమును మూడు విధాలుగా కాపాడుతుంది. మొదటిది, గాలి, నీరు ఇనుమును తాకకుండా అడ్డుగోడగా నిలవడం. రెండవది, విద్యుద్రసాయన రక్షణ. జింకు ప్రామాణిక విభవం -0.76 వోల్టులు, ఇనుముది -0.44 వోల్టులు. రెండూ కలిసి తడిసినప్పుడు జింకు ముందుగా కరిగి ఇనుమును నిలబెడుతుంది. అందువలననే పూతపై చిన్న గీత పడినా, రేకు అంచు కోసినా ఇనుము వెంటనే తుప్పు పట్టదు. అయితే ఈ రక్షణ గీతకు ఇరువైపులా కొద్ది మిల్లీమీటర్ల మేరకే అందుతుంది. విశాలంగా పూత లేచిపోయిన చోట దీనిని నమ్ముకోరాదు.

మూడవది, జింకు తన మీద తానే ఏర్పరచుకొనే రక్షణ పొర. కొత్త జింకు గాలి తగిలి మొదట ఆక్సైడుగా, తేమ తగిలి హైడ్రాక్సైడుగా మారుతుంది. తరువాత తడి, ఆరుదల ఒకదాని తరువాత ఒకటి వస్తూ ఉంటే గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహించి క్షార జింకు కార్బొనేటుగా గట్టిపడుతుంది. మెరుపు తగ్గి బూడిద రంగుకు తిరిగిన పాత జీఐ పైపుపై కనిపించేది ఈ పొరే. ఇది నీటిలో సులభంగా కరగదు. జింకు మెల్లగా మాత్రమే అరిగిపోవడానికి ఇదే కారణం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఈ పొర ఏర్పడాలంటే ఆరుదల, గాలి తగలడం తప్పనిసరి. ఎప్పుడూ తడిగా ఉండి గాలి ఆడని చోట హైడ్రాక్సైడు కార్బొనేటుగా మారలేదు. తేమ ప్రాంతాలలో జింకు పూత ఆశించినంత కాలం నిలవకపోవడానికి మూలం ఇదే.

తేమ, ఉప్పు - వీటి పాత్ర

లోహం తుప్పు పట్టడానికి వర్షమే అక్కరలేదు. సాపేక్ష ఆర్ద్రత 80 శాతం దాటితే లోహంపై కంటికి కనిపించని నీటి పొర ఏర్పడుతుంది. ఇటువంటి గంటల మొత్తాన్ని తుప్పు శాస్త్రంలో తడికాలం అంటారు. కోస్తా జిల్లాలలో రాత్రి, తెల్లవారుజాము గంటలలో ఎక్కువ భాగం ఈ లెక్కలోకే వస్తుంది. పాలీహౌస్ లోపల పరిస్థితి ఇంకా తీవ్రం. మొక్కలు విడిచే ఆవిరి రాత్రి చల్లబడిన పైపులపై బొట్లుగా చేరి, అడుగువైపున వేలాడుతుంది. పైన పాలిథీన్ కప్పు ఉన్నందున వర్షం ఆ పైపులను ఎన్నడూ కడగదు.

ధూళిలో లవణాలుంటే ఇంకా తక్కువ ఆర్ద్రతలోనే లోహం తడుస్తుంది. సోడియం క్లోరైడు సుమారు 75 శాతం ఆర్ద్రత వద్ద, సముద్రపు ఉప్పులో భాగమైన మెగ్నీషియం క్లోరైడు సుమారు 33 శాతం వద్దనే గాలిలోని నీటిని పీల్చి ద్రావణంగా మారుతాయి. అంటే ఉప్పు పేరుకొన్న ఇనుము పగటిపూట కూడా పూర్తిగా ఆరదు. పైగా క్లోరైడు అయాన్లు కార్బొనేటు పొరను బలహీనపరుస్తాయి.

సముద్రపు అలల నుండి లేచే ఉప్పు తుంపర సాధారణంగా తీరం నుండి లోపలికి పోయేకొద్దీ వేగంగా తగ్గుతుంది. అయితే 2014 అక్టోబరులో విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ వంటి తీవ్ర తుపానులు ఈ తుంపరను చాలా లోపలికి మోసుకొని వస్తాయి. ఉప్పునీటి రొయ్యల చెరువుల వద్ద ఏరేటర్లు నీటిని నిరంతరం చిమ్ముతూ ఉంటాయి కనుక, చెరువు గట్టుపైనున్న మేత షెడ్డు, స్తంభాలు, మోటారు స్టాండ్లకు సముద్రం దూరమన్న ఊరట లేదు.

తెల్ల తుప్పు, ఎర్ర తుప్పు - తేడా

తెల్ల తుప్పు: జింకు ఉపరితలంపై తెల్లని పొడిలా, ఉబ్బుగా కనిపిస్తుంది. ఇది ప్రధానంగా జింకు హైడ్రాక్సైడు. కొత్త రేకులను ఒకదానిపై ఒకటి పేర్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి, నీరు దిగిన స్థితిలో కొన్ని వారాలుంచినప్పుడు ఇది తరచు వస్తుంది. చూడడానికి ఎక్కువగా ఉన్నా, పలుచగా ఉన్నప్పుడు పూత నష్టం స్వల్పమే. రేకులను విడదీసి ఆరనిస్తే సాధారణంగా ఆగిపోతుంది.

ఎర్ర తుప్పు: జింకు పూర్తిగా ఖర్చయి ఇనుము బయటపడినదనడానికి గుర్తు. కత్తిరింపు అంచు, వెల్డింగ్ అతుకు, మర చుట్టు, నేలమట్టం వద్ద స్తంభం - ఈ చోట్ల ముందుగా కనిపిస్తుంది. కొన్నిసార్లు పైనున్న మామూలు ఇనుప మేకు లేదా బోల్టు నుండి కారిన నీరు ఎర్ర చారను మిగులుస్తుంది. తుడిస్తే పోయి, కింద బూడిద రంగు జింకు కనిపిస్తే ఆ మచ్చ పూత పోయినదానికి గుర్తు కాదు. ఆ మేకును మార్చితే సరిపోతుంది.

పూత మందం - ఆయుష్షు లెక్క

పూత ఆయుష్షును నిర్ణయించే మొదటి అంశం దాని మందం. జింకు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.14 గ్రాములు. కాబట్టి ఒక చదరపు మీటరుపై, ఒక పక్కన, 7.14 గ్రాముల జింకు ఉంటే ఆ పూత మందం 1 మైక్రాన్. రేకుల ప్రమాణమైన ఐఎస్ 277లో 120, 275 వంటి అంకెలు రెండు పక్కలా కలిపి చదరపు మీటరుకు ఉండవలసిన గ్రాములను సూచిస్తాయి. అంటే 275 రకంలో ఒక పక్క సుమారు 19 మైక్రాన్లు, 120 రకంలో సుమారు 8 మైక్రాన్లు మాత్రమే ఉంటాయి. ఈ అంకెను రేకు మందంతో కలిపి పొరబడేవారు చాలామంది ఉన్నారు.

మార్కెట్లో జీపీ పైపు, జీఐ పైపు అని రెండు రకాలు దొరుకుతాయి. ముందే పూత పూసిన రేకును చుట్టి అతికినది జీపీ పైపు. దీని పూత పలుచన. పైగా అతుకు వెంబడి పూత కాలిపోతుంది కనుక ఆ గీతను తిరిగి జింకుతో కప్పవలసి ఉంటుంది. పైపు తయారైన తరువాత సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన జింకులో ముంచినది జీఐ పైపు. దీనిలో లోపల, బయట మందమైన పూత, ఇనుముతో కలిసిపోయిన మిశ్రలోహ పొరలు ఏర్పడతాయి. తయారీ తరువాత ముంచిన వస్తువులకు ఐఎస్ఓ 1461 ప్రమాణం ప్రకారం 1.5 నుండి 3 మిల్లీమీటర్ల ఇనుముపై సగటున కనీసం 55 మైక్రాన్లు, 3 నుండి 6 మిల్లీమీటర్ల ఇనుముపై 70 మైక్రాన్ల పూత ఉండాలి. రెండు పైపులూ కొత్తలో ఒకేలా మెరుస్తాయి. ధరలోని తేడాను చూసి తక్కువ పూత పైపును కొన్న రైతుకు అసలు తేడా కొన్నేళ్ళ తరువాత గాని తెలియదు.

వాతావరణాల తుప్పు తీవ్రతను ఐఎస్ఓ 9223 ప్రమాణం తరగతులుగా విభజించింది. మొదటి సంవత్సరంలో జింకు కోల్పోయే మందం ఆయా తరగతులలో ఇలా ఉంటుంది:

- సీ2 (తక్కువ): 0.1 - 0.7 మైక్రాన్లు
- సీ3 (మధ్యస్థం): 0.7 - 2.1 మైక్రాన్లు
- సీ4 (ఎక్కువ): 2.1 - 4.2 మైక్రాన్లు
- సీ5 (చాలా ఎక్కువ): 4.2 - 8.4 మైక్రాన్లు
- సీఎక్స్ (అత్యధికం): 8.4 - 25 మైక్రాన్లు

ఈ అంకెలతో ఒక ఉజ్జాయింపు లెక్క వేయవచ్చు. పూత మందాన్ని ఏడాదికి జరిగే నష్టంతో భాగిస్తే పూత నిలిచే సంవత్సరాలు వస్తాయి. ఏడాదికి 1.5 మైక్రాన్లు పోయే చోట 120 రకం పూత సుమారు 5 - 6 ఏళ్ళు, 275 రకం సుమారు 13 ఏళ్ళు, 55 మైక్రాన్ల పూత 36 ఏళ్ళు నిలుస్తాయి. ఏడాదికి 6 మైక్రాన్లు పోయే తీరప్రాంతంలో ఇవే పూతలు వరుసగా సుమారు ఒకటిన్నర, మూడు, తొమ్మిది ఏళ్ళకు తరిగిపోతాయి. సాధారణ వాతావరణంలో తరువాతి ఏళ్ళలో నష్టం కొంత తగ్గుతుంది. ఉప్పు చేరే చోట ఆ తగ్గుదలను నమ్ముకోకపోవడం మేలు.

జింకు పోయిన తరువాత పరిస్థితి మరింత వేగంగా దిగజారుతుంది. సీ4 వాతావరణంలో పూత లేని ఇనుము తొలి ఏడాదిలో 50 నుండి 80 మైక్రాన్ల మందాన్ని కోల్పోతుంది. జింకు నష్టంతో పోలిస్తే ఇది ఇరవై రెట్ల స్థాయి. 2 మిల్లీమీటర్ల గోడ గల పైపు ఈ వేగంతోనే పదేళ్ళు తరిగితే గోడలో నాలుగో వంతు లేదా అంతకు మించి పోతుంది. గాలి ఒత్తిడికి చట్రం బలాన్ని లెక్కించినప్పుడు ఉన్న గోడ ఇప్పుడు లేదన్న సంగతి తుపాను వచ్చినప్పుడే బయటపడుతుంది.

పొలంలో తుప్పును వేగపరిచే అంశాలు

ఎరువులు: జింకు సుమారు 6 నుండి 12.5 ఉదజని సూచిక మధ్య నిలకడగా ఉంటుంది. అంతకు తక్కువైన ఆమ్లాలలో, అంతకు మించిన క్షారాలలో వేగంగా కరుగుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం, అమ్మోనియం సల్ఫేటు, అమ్మోనియం నైట్రేటు ద్రావణాలు పూతకు హాని చేస్తాయి. అమ్మోనియా జింకుతో కలిసి నీటిలో కరిగే సమ్మేళనంగా మారుతుంది కనుక రక్షణ పొర నిలవదు. ఎరువుల పొడి సైతం తేమను లాగుతుంది. 30 డిగ్రీల వద్ద అమ్మోనియం నైట్రేటు సుమారు 59 శాతం, యూరియా సుమారు 73 శాతం ఆర్ద్రత వద్దనే నీరు కారుతుంది. అందువలన ఎరువుల బస్తాలను జీఐ స్తంభాలకు, రేకు గోడలకు ఆనించి పేర్చరాదు. ఫెర్టిగేషన్ ట్యాంకు, దాని గొట్టాలు ప్లాస్టిక్‌తో చేసినవై ఉండాలి.

రాగి మందులు: మైలుతుత్తం ద్రావణాన్ని జీఐ బకెట్లో కలిపితే రాగి జింకుపై పేరుకొని, జింకు ద్రావణంలోకి పోతుంది. మందు శక్తి తగ్గుతుంది, బకెట్ కూడా పాడవుతుంది. బోర్డో మిశ్రమానికి ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలు వాడాలన్న పాత సలహాకు కారణం ఇదే. పందిరి తీగలపై పడిన రాగి కూడా చిన్నచిన్న విద్యుద్ఘటాలను ఏర్పరచి పూతను గుంటలుగా తినివేస్తుంది. పిచికారీ తీగలపై పడకుండా ఆపలేము. కానీ పంట తీసిన తరువాత తీగలను, పైపులను మంచినీటితో కడగడం సాధ్యమే.

గంధకం: పాలీహౌస్‌లలో బూడిద తెగులుకు గంధకాన్ని ఆవిరి చేసినప్పుడు కొంత గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడుగా మారే అవకాశం ఉంది. అది తడి పైపుపై ఆమ్లమై జింకును కరిగిస్తుంది. గంధకం పాలిథీన్ పొరలోని అతినీలలోహిత నిరోధకాలను కూడా దెబ్బతీస్తుంది కనుక నష్టం రెండు వైపులా ఉంటుంది.

కోళ్ళ, పశువుల షెడ్లు: తడి లిట్టరు, మూత్రం నుండి వెలువడే అమ్మోనియా కప్పు కింది తలంపై చేరి తేమలో కరుగుతుంది. రేకు పైనుండి బాగున్నట్లు కనిపించి, అడుగు నుండి చిల్లులు పడడానికి కారణం ఇదే. లిట్టరును పొడిగా ఉంచడం, కప్పు వద్ద గాలి పోయే సందులు వదలడం పక్షుల ఆరోగ్యానికే గాక రేకు ఆయుష్షుకు కూడా మేలు చేస్తాయి.

నేల, నీరు: చౌడు నేలలలో, ఉప్పు బోరు నీరు పారే చోట నేలలోని విద్యుద్వాహకత ఎక్కువగా ఉండి పూత త్వరగా పోతుంది. నీరు ముందుగా రాగి గొట్టం గుండా పారి తరువాత జీఐ పైపులోకి వచ్చే అమరిక తగదు. నీటితో వచ్చిన రాగి జీఐ పైపు లోపల గుంటలు చేస్తుంది. ఇత్తడి వాల్వులను జీఐ పైపుకు నేరుగా బిగించక, మధ్యలో ప్లాస్టిక్ జోడింపు ఉంచడం మంచిది.

నిర్మాణ దశలో జాగ్రత్తలు

- కోత, రంధ్రాలు, వెల్డింగ్ పనులు పూతకు ముందే పూర్తి కావాలి. స్థలంలో వెల్డింగ్ తగ్గించి, బోల్టులు, క్లాంపులతో బిగించే నమూనాను ఎన్నుకోవాలి.
- చట్రానికి జీఐ వాడి, బోల్టులకు పలుచని విద్యుత్ లేపనం గలవి వాడితే బోల్టులే ముందుగా పోతాయి. తయారీ తరువాత జింకులో ముంచిన బోల్టులు వాడాలి.
- నీరు నిలిచే గుంటలు, పైకి తెరచుకొన్న పైపు కొనలు ఉండరాదు. పైపు కొనకు మూత, అడుగున నీరు జారే రంధ్రం ఉండాలి.
- స్తంభం చుట్టూ కాంక్రీటు దిమ్మె నేలకు పైగా లేచి, నీరు బయటకు జారేలా నాలుగు వైపులా వాలుగా ఉండాలి. నేలమట్టానికి పైన, కింద సుమారు 15 - 20 సెంటీమీటర్ల మేర బిటుమెన్ లేదా ఎపాక్సీ పూత వేయాలి. సముద్రపు ఇసుకను, ఉప్పునీటిని కాంక్రీటుకు వాడరాదు.
- తీరప్రాంతంలో జింకు పూతపై తగిన రంగు కూడా వేస్తే, రెండూ విడివిడిగా నిలిచే కాలాల మొత్తానికి సాధారణంగా 1.5 నుండి 2.3 రెట్ల వరకు రక్షణ లభిస్తుంది. అయితే సాధారణ ఆల్కైడ్ ఎనామెల్‌ను నేరుగా జింకుపై వేయరాదు. దానిలోని నూనె జింకు క్షార పదార్థాలతో కలిసి సబ్బుగా మారి రంగు పొరలుగా లేస్తుంది. ఉపరితలాన్ని శుభ్రపరచి, కొద్దిగా గరుకుచేసి, జింకుకు అనువైన ఎపాక్సీ ప్రైమర్ వేసిన తరువాతనే పై రంగు వేయాలి.

నిల్వ

కొత్త రేకులు, పైపులు వచ్చిన రోజునే తడి ఉన్నదేమో చూడాలి. తడిసి ఉంటే విడదీసి ఆరబెట్టాలి. నేలపై గాక దిమ్మెలపై, ఒక కొన ఎత్తుగా ఉండేలా వాలుగా పేర్చి, మధ్యమధ్య పొడి కర్ర బద్దలు ఉంచితే నీరు జారి గాలి ఆడుతుంది. పచ్చి కర్ర, తడి గడ్డి తగలరాదు. ప్లాస్టిక్ పట్టాను గట్టిగా చుట్టడం కన్నా, పైన కప్పి పక్కలు తెరచి ఉంచడం మేలు.

సంరక్షణ, తనిఖీ

అతి తక్కువ ఖర్చుతో అధిక ఫలితమిచ్చే పని కడగడం. వర్షం తగిలే పై తలం తానుగా శుభ్రపడుతుంది. కప్పు కింద, చూరు లోపల, పాలీహౌస్ లోపల చేరిన ఉప్పు, మందులు, ఎరువుల ధూళి మాత్రం అక్కడే ఉండిపోతాయి. తీరప్రాంతంలో ఈ భాగాలను వేసవిలో కనీసం నెలకొకసారి, తుపాను వెలిసిన వెంటనే ఒకసారి, ప్రతి పంట తీసిన తరువాత ఒకసారి మంచినీటితో కడగాలి. ఉప్పు బోరు నీటితో కడిగితే కీడే తప్ప మేలు లేదు. ఎండ ఉన్న ఉదయం కడిగితే సాయంత్రానికి ఆరిపోతుంది.

వర్షాకాలానికి ముందు, తరువాత ఏడాదికి రెండుసార్లు తనిఖీ చేయాలి. నేలమట్టం వద్ద స్తంభాలు, బోల్టులు, అతుకులు, గట్టర్లు, పైపుల అడుగుభాగం, తీగ ముడులు ముఖ్యంగా చూడవలసినవి. పాలిథీన్ మార్చే సమయంలో చట్రం మొత్తం కంటికి కనిపిస్తుంది కనుక ఆ అవకాశాన్ని వదలరాదు. అయస్కాంత సూత్రంపై పనిచేసే పూత మందం మీటరుతో ఎంచుకొన్న చోట్ల కొలతలు తీసి నమోదు చేస్తే, ఏడాదికి ఎంత పూత పోతున్నదీ ఆ పొలానికే ప్రత్యేకంగా తెలుస్తుంది.

మరమ్మతు

తెల్ల తుప్పు పలుచగా ఉంటే గట్టి నైలాన్ బ్రష్షుతో పొడిగా రుద్ది, కడిగి, ఆరనివ్వాలి. మొండిగా ఉన్నచోట పలుచని నిమ్మ ఉప్పు ద్రావణంతో రుద్ది వెంటనే పుష్కలంగా నీటితో కడగాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం గల శుభ్రపరిచే ద్రవాలు మిగిలిన జింకును కూడా కరిగిస్తాయి కనుక వాడరాదు.

ఎర్ర తుప్పు చిన్న మచ్చలుగా ఉంటే, మెరిసే ఇనుము కనిపించేవరకు వైర్ బ్రష్షుతో, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము, నూనె లేకుండా తుడవాలి. ఆ తరువాత జింకు పొడి అధికంగా గల ప్రైమర్‌ను చుట్టూ ఉన్న మంచి పూతపైకి కొంత మేర వచ్చేలా రెండు, మూడు పూతలుగా వేయాలి. ఎండిన పొరలో లోహ జింకు తూకంలో 80 శాతానికి తగ్గకుండా ఉంటేనే విద్యుద్రసాయన రక్షణ లభిస్తుంది. వెండి రంగు అల్యూమినియం పెయింటు దీనికి బదులు కాదు. గాలిలో తేమ తక్కువగా ఉండి, లోహం పూర్తిగా ఆరిన మధ్యాహ్నం వేళ ఈ పని చేయాలి. గుంటలు పడి గోడ పలుచబడిన స్తంభానికి రంగు వేయడం వలన బలం తిరిగి రాదు. దానిని మార్చాలి లేదా పక్కన కొత్త ఊత బిగించాలి.

జింకు పూతపై వెల్డింగ్ చేసేటప్పుడు వెలువడే తెల్లని పొగ పీల్చితే కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి. అతుకు చుట్టూ పూతను ముందుగా తొలగించి, గాలి ఆడే చోటనే పని చేయాలి. తుప్పు పట్టిన కప్పుపైకి ఎక్కడం ప్రాణాపాయమని రైతులకు స్పష్టంగా చెప్పాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు గుర్తుంచుకోవలసినది

రైతు సాధారణంగా తుప్పు కనిపించిన తరువాత సలహా కోసం వస్తాడు. అప్పటికి చేయగలిగినది కొంతే. సలహా నిజంగా ఫలించేది కొనుగోలుకు ముందు. నిర్మాణపు అంచనా పత్రంలో "జీఐ పైపు" అన్న రెండు మాటలే ఉంటే సరఫరాదారు ఏ పూత గల పైపునైనా ఇవ్వవచ్చు. పూత విధానం, చదరపు మీటరుకు గ్రాములు లేదా మైక్రాన్లు, గోడ మందం, బోల్టుల రకం - ఈ నాలుగూ ఒప్పందంలో అంకెలతో ఉండాలి. సరుకు దిగిన రోజున మీటరుతో కొలిచి చూడాలి. అనుమానమున్నచోట ఐఎస్ 6745 పద్ధతిలో పూత తూకాన్ని పరీక్ష చేయించాలి.

విద్యార్థులు ఒక చిన్న అధ్యయనం చేపట్టవచ్చు. ఒకే మందం గల జీఐ ముక్కలను తూచి, ఆరుబయట, పాలీహౌస్ లోపల, కోళ్ళ షెడ్డు కప్పు కింద వేలాడదీసి, ఏడాది తరువాత తుప్పును తొలగించి తిరిగి తూచితే ఆ మూడు చోట్ల జింకు నష్టం తెలుస్తుంది. అటువంటి కొలతలు మండలం వారీగా చేరితే, ఎక్కడ 275 రకం సరిపోతుందో, ఎక్కడ తయారీ తరువాత ముంచిన పైపు తప్పనిసరో రైతుకు అంకెతో చెప్పవచ్చు. జింకు ఎలాగూ తరిగేదే. అది ఎంత ఉందో, ఏడాదికి ఎంత తరుగుతున్నదో ముందుగా తెలిస్తే, చట్రం ఆయుష్షును ఋణం తీరే కాలం కన్నా, పంట తెచ్చే ఆదాయ కాలం కన్నా మించి నిలపడం సాధ్యమవుతుంది.